అధిక ఆదాయమా, అమానత్ భారమా?

అసర్ నమాజు ముగిసి, మద్రసా వరండాలో చిన్న తరగతి పిల్లల సబఖ్ వింటున్న వేళ మా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చి కూర్చున్నాడు. భుజాన నల్లని సంచి, బూట్ల నిండా దారి దుమ్ము. పదకొండేళ్లుగా అతను ఒక ఔషధ కంపెనీ ప్రతినిధి; జనం నోట ఎం.ఆర్. తెనాలి అతని హెడ్‌క్వార్టర్. వారంలో రెండు రోజులు వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె. ఒక రోజు పొన్నూరు మీదుగా బాపట్ల. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. అతని కంపెనీ పటంలో మాత్రం ఆ మూడు ఊళ్లూ ఇప్పటికీ ఒకే ముక్క.

"హజ్రత్, మష్వరా కావాలి" అన్నాడు. సంచిలో మందుల నమూనాల మధ్య నుండి రెండు కాగితాలు తీశాడు. ఒకటి వేరొక కంపెనీ ఇవ్వజూపిన అమ్మకాల ఉద్యోగం: ఖరీదైన మందులు, పెద్ద ఆసుపత్రులు, నెలకు ముప్పై ఎనిమిది వేల స్థిర జీతం, దానిపై ఇన్సెంటివ్. రెండూ కలిస్తే డెబ్బై వేలు దాటవచ్చునని మాట. రెండవది ఉన్న కంపెనీలోనే పదోన్నతి: ఏరియా మేనేజర్. క్రింద ఐదుగురు కుర్రవాళ్లు, జీతం నలభై ఆరు వేలు, అంతే. చెల్లెలి నికాహ్ కోసం మేనమామ దగ్గర వడ్డీ లేకుండా తెచ్చిన నాలుగు లక్షల బాకీ అతని మెడ మీద ఉన్నది.

పెద్దలకు ఒక అలవాటు ఉన్నది. ఇతరుల ఆదాయం విషయంలో సంతృప్తిని బోధించడం చాలా తేలిక. మేమూ అదే చేశాము. "డబ్బు కోసం పరుగెత్తకు, గౌరవమైన పదవి వచ్చింది, స్వీకరించు" అని చెప్పి పంపించాము.

మరునాడు అతని భార్య మా ఇంటికి వచ్చింది. మా ఇంటివారితో కాసేపు మాట్లాడి, తలుపు అవతల నుండే మమ్మల్ని ఒక మాట అడిగింది: "హజ్రత్, మామూగారి బాకీ తీర్చడం కూడా అమానతే కదా? గౌరవం కోసం దానిని మరో ఆరేళ్లు లాగవచ్చునా?"

మా దగ్గర సమాధానం లేదు. బాకీ విషయంలో షరీఅత్ ఎంత కఠినంగా ఉన్నదో ఆమెకు మేము చెప్పనవసరం లేదు. అప్పుపడి మరణించిన వ్యక్తి జనాజా నమాజుకు దైవప్రవక్త (స) తొలిరోజులలో స్వయంగా ముందుకు రాలేదని, ఆ బాకీకి ఎవరైనా పూచీ పడిన తరువాతనే చేయించారని పాఠం చెప్పేది మేమే. మేము 'గౌరవం' అన్నది అసలు ఏమిటి? పెళ్లి సంబంధాల వేళ 'అబ్బాయి మేనేజరట' అని చెప్పుకునే ముచ్చట. దానికి దీన్‌లో ఏ తూకమూ లేదు. అప్పుడు ఆ రెండు కాగితాలనూ మళ్లీ తెప్పించుకొని, ఈసారి నిదానంగా చదివాము.

ముందుగా లెక్క. ఈ వృత్తిలో ముప్పై ఏళ్లు గడిపి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దమనిషిని మా పక్కన కూర్చోబెట్టుకున్నాము. ఆయన మొదటి ప్రశ్న: "డెబ్బై వేలు ప్రతి నెలా వస్తాయా, ఎప్పుడో వస్తాయా?" ఇన్సెంటివ్ టార్గెట్ పూర్తయిన తరువాతనే మొదలవుతుంది, లెక్క మూడు నెలలకొకసారి. అంతకు ముందు ఆ స్థానంలో పనిచేసిన వ్యక్తిని విచారిస్తే, నాలుగు త్రైమాసికాలలో రెండింటికి మాత్రమే పూర్తి మొత్తం అందినదని తెలిసింది. ఇంకొక సంగతి: 1972 నాటి గ్రాట్యుటీ చట్టం కమిషన్‌ను వేతనంలో లెక్కించలేదు; భవిష్య నిధి చట్టమూ అంతే. ఇన్సెంటివ్ రూపాయి ఆ నెలకు రూపాయే, వృద్ధాప్యానికి అది లేనట్లే.

అలాగని మేనేజర్ పదవి భద్రమైనదని అనుకుంటే అదీ సగం నిజమే. 1976లో వచ్చిన అమ్మకాల ప్రోత్సాహక ఉద్యోగుల చట్టం ఔషధ ప్రతినిధులకు కార్మిక చట్టాల రక్షణ కల్పించింది. ప్రధానంగా నిర్వహణాధికారం గలవారిని ఆ చట్టం తన పరిధి నుండి మినహాయించింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా ఈ విభజనను నిలుపుకున్నది. అంటే సంచి మోసినంత కాలం అన్యాయంగా తొలగిస్తే కార్మిక న్యాయస్థానం తలుపు తట్టవచ్చును. కుర్చీ ఎక్కిన తరువాత ఆ తలుపు దాదాపు మూసుకున్నట్లే. పదోన్నతి ఉత్తరం చేతికి రాగానే మిఠాయి పంచేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

లెక్క ఇలా సరితూగింది. ఇక మిగిలినది మా శాస్త్రానికి సంబంధించిన భాగం.

అమ్మకం పని హీనమైనదన్న భావన ఇస్లామ్‌లో ఎక్కడా లేదు. మదీనాలో బేరం కుదిర్చేవారిని జనం దళారులని పిలిచేవారు. దైవప్రవక్త (స) వారిని అంతకంటే మంచి పేరుతో, వర్తకులని పిలిచారని హజ్రత్ ఖైస్ బిన్ అబీ గరజా (రజి) ఉల్లేఖనం. అదే సందర్భంలో, బేరంలో వ్యర్థపు మాటలూ ఒట్లూ దొర్లుతుంటాయి గనుక దానికి సదఖాను జోడించమని హితవు చెప్పారు. దళారీ రుసుములో తప్పు లేదని ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీం, హసన్ వంటి తాబియీన్ పెద్దలు భావించినట్లు ఇమామ్ బుఖారీ నమోదు చేశారు. కాబట్టి ఇన్సెంటివ్ హలాలా అని ఊరికే అడగడం కంటే, అది దేనివలన వస్తున్నదని అడగడం మేలు.

అక్కడే మా విద్యార్థి తల దించుకున్నాడు. ఆ కొత్త కంపెనీలో అమ్మకం పెరిగే దారి మందు గుణం ఒక్కటే కాదట. వైద్యుని ఇంటికి చేరే ఫ్రిజ్‌లు, కుటుంబానికి విమానం టికెట్లు కూడానట. ఇది చట్టం ఎరుగని సంగతి కాదు. 2009లోనే వైద్యులు కంపెనీల కానుకలు స్వీకరించరాదని వైద్య మండలి నియమావళిని సవరించింది. అటువంటి కానుకల ఖర్చుకు పన్ను మినహాయింపు చెల్లదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2024 మార్చిలో కేంద్రం ప్రకటించిన ఔషధ మార్కెటింగ్ నియమావళి వైద్యునికే కాదు, అతని కుటుంబానికి కూడా కానుకలను నిషేధించింది. అయినా నిషేధానికి ఒక పేరు, కానుకకు మరొక పేరు దొరుకుతూనే ఉంటాయి.

పధ్నాలుగు శతాబ్దాల క్రితమే ఈ సమస్య వచ్చింది. జకాత్ వసూలుకు వెళ్లిన ఇబ్నుల్ లుత్బియ్యా తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు వచ్చిన కానుక అని రెండు కుప్పలుగా పోశాడు. దైవప్రవక్త (స) మింబర్ ఎక్కి, ఆ మనిషి తన తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీసు ఇది. వైద్యుని బల్ల మీద మందుచీటీ పుస్తకం లేకపోతే ఆ ఫ్రిజ్ ఆయన ఇంటికి వెళ్లేదా? దాని ధర చివరకు ఎవరి జేబులో నుండి వస్తుంది? రేపల్లె ప్రాంతపు కూలీ మనిషి తన రక్తపోటు మాత్ర కొనేటప్పుడు చెల్లించే ధరలో నుండి. మా విద్యార్థి తన ఇన్సెంటివ్‌తో మేనమామ బాకీ తీరిస్తే, ఆ బాకీ మరొకరి మెడకు మారుతుంది, అంతే.

అయితే పదోన్నతి పరిశుభ్రమైనదా? లేదు. నెలాఖరున టార్గెట్ చేరకపోతే స్టాకిస్టు గోదాములో అవసరం లేని సరుకు నింపడం ఈ రంగంలో మామూలు. ఎక్స్‌పైరీ దాటాక అది తిరిగి వస్తుంది, నష్టం మీద తగాదాలు వస్తాయి. ఎం.ఆర్.గా ఉన్నప్పుడు ఆ పని చేయమని అతనికి ఫోన్ వచ్చేది. మేనేజర్ అయితే ఆ ఫోన్ అతనే చేయాలి. తన తప్పుకు తాను జవాబు చెప్పుకోవడం ఒకటి, ఐదుగురి చేత తప్పు చేయించి జవాబు చెప్పడం మరొకటి. ప్రతివాడూ కాపరియే, తన మంద గురించి ప్రశ్నించబడతాడన్న హదీసును మనం బిడ్డల పెంపకానికే పరిమితం చేసుకున్నాము. జీతగాళ్ల పైన ఉన్నవానికి అది మరింత సూటిగా తగులుతుంది.

పదవి విషయంలో దైవప్రవక్త (స) అందరికీ ఒకే మాట చెప్పలేదు. హజ్రత్ అబూజర్ (రజి) అంతటి జాహిద్‌కు, నీవు బలహీనుడవు, అది అమానత్ అని వారించారు. యూసుఫ్ (అలై) మాత్రం ధాన్యాగారాల బాధ్యతను తానే అడిగి తీసుకున్నారు. కాపాడగలనని, తెలిసినవాడనని రెండు అర్హతలు చెప్పారు (యూసుఫ్ సూరా, 55). భక్తి ఒక్కటే చాలదు, నేర్పు ఒక్కటే చాలదు. ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం మద్రసా నిర్వహణ బాధ్యత మమ్మల్ని స్వీకరించమంటే నిరాకరించాము. దానిని వినయమని చెప్పుకున్నాము. నిజానికి చందాల రసీదు పుస్తకాలంటే మాకు భయం. ఆ భారం మోయలేని మరొకరి మీద పడి, ఆ ఏడు బాలల భోజనం చాలా రోజులు పలుచబడింది.

ఈ ఎంపికకు అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి)ది. ఆయన వస్త్ర వ్యాపారి. ఖలీఫాగా బైఅత్ అయిన మరునాడు ఉదయం, ఎప్పటిలాగే బట్టల మూట భుజాన వేసుకొని బజారుకు బయలుదేరారు. దారిలో హజ్రత్ ఉమర్ (రజి) ఎదురై, ప్రజల వ్యవహారాలు మీ చేతికి వచ్చాక బజారు ఎలా అని అడిగారు. మరి నా కుటుంబాన్ని ఎలా పోషించను అన్నది ఆయన ప్రశ్న. ఖలీఫా నోట వచ్చిన మొదటి మాటలలో ఒకటి ఇల్లు గడవడం గురించి! మనం ఆ ప్రశ్నను దాటవేసి త్యాగం దగ్గరకే పరుగెత్తుతాము. సహాబాలు అలా చేయలేదు. బైతుల్ మాల్ నుండి ఆయన కుటుంబానికి సరిపడే భత్యం నిర్ణయించారు, అప్పుడే బజారు మానిపించారు. మరణ సమయాన, తాను తీసుకున్నది తన ఆస్తి నుండి తిరిగి చెల్లించమని ఆయన వసీయత్ చేశారని చరిత్రకారులు వ్రాశారు. కానీ ముందు ఇల్లు గడిచే ఏర్పాటు జరిగింది. తలుపు అవతలి నుండి ఆ ఇల్లాలు అడిగినదీ అదే.

కనుక మేము అతనికి రెండు పనులు చెప్పాము. ఇస్తిఖారా చేయమన్నాము, దానితో పాటు కలల కోసం ఎదురుచూడవద్దని కూడా చెప్పాము. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో రెండు రకాతులూ దుఆ ఉన్నాయి, కల ప్రస్తావనే లేదు. విచారణ చేసి, ఒక వైపు మొగ్గి, అప్పుడు అల్లాహ్‌కు అప్పగించడమే దాని పద్ధతి. రెండవది, ఒప్పుకునే ముందే పై అధికారితో సూటిగా మాట్లాడమన్నాము: స్టాకిస్టుల వద్ద అవసరం లేని సరుకు వేయించనని, తన క్రింది కుర్రవాళ్లకు శుక్రవారం మధ్యాహ్నం మీటింగులు పెట్టనని. కాదంటే రెండు కాగితాలూ పక్కన పెట్టి ఉన్నచోటే ఉండమన్నాము. ఇద్దరిలో ఒకరిని ఎన్నుకొని తీరాలన్న నియమమేమీ లేదు.

సరుకు విషయానికి అధికారి ఒప్పుకున్నాడు, మాటగా. కాగితం మీద పెట్టలేదు. మీటింగుల సంగతికి నవ్వి ఊరుకున్నాడట.

అతను పదోన్నతే తీసుకున్నాడు. మొదటి మార్చి నెలాఖరు గట్టిగానే గడిచింది. రేపల్లె కుర్రవాడు టార్గెట్‌కు దూరంగా ఉన్నాడు, పైనుండి ఫోన్ల మీద ఫోన్లు. ఇతను ఆ కుర్రవాని వెంట నాలుగు రోజులు చెరుకుపల్లి వరకు ప్రతి మందుల దుకాణమూ తిరిగాడు. అయినా లెక్క చేరలేదు. సరుకు నింపించలేదు. ఆ త్రైమాసికం ఇద్దరికీ ఇన్సెంటివ్ రాలేదు.

అతని భార్య ఇంట్లో ట్యూషన్ మొదలుపెట్టింది. పదకొండు మంది పిల్లలు. మేనమామగారి దగ్గరకు భార్యాభర్తలిద్దరూ వెళ్లి, ఉన్నది ఉన్నట్లు చెప్పి, నెలకు ఎనిమిది వేల చొప్పున వ్రాసి ఇచ్చారు. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువు ఇవ్వమన్న ఖుర్‌ఆన్ ఆదేశం ఆయనకు మేము గుర్తు చేయవలసిన అవసరం రాలేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "మొదటి కిస్తీ రంజాన్ తరువాత ఇవ్వండి" అన్నారట.