తన వెలుగే తనకు తిరిగివస్తే

1962లో అమెరికాలోని స్కెనెక్టడీలో రాబర్ట్ హాల్ బృందం గాలియం ఆర్సెనైడ్ స్ఫటికం నుంచి రాబట్టిన అర్ధవాహక లేజర్ ద్రవ నైట్రోజన్ చల్లదనంలో, క్షణికమైన విద్యుత్ స్పందనలతో మాత్రమే వెలిగింది. గది ఉష్ణోగ్రత వద్ద ఎడతెగక వెలిగే లేజర్‌ను 1970లో లెనిన్‌గ్రాడ్‌లో ఆల్ఫెరోవ్ బృందమూ, బెల్ ప్రయోగశాలలో హయాషి, పానిష్‌లూ సాధించారు. అయితే ఇసుక రేణువంతటి ఈ పరికరానికి పుట్టుకతోనే ఒక బలహీనత ఉంది. ఇతర లేజర్లలో కాంతి అటూ ఇటూ తిరుగుతూ బలపడడానికి, దాదాపు మొత్తం వెలుగును వెనక్కి పంపే అద్దాలను అమర్చుతారు. ఇక్కడ మాత్రం స్ఫటికాన్ని చీల్చగా ఏర్పడిన నున్నని ముఖాలే అద్దాలు, అవి వెనక్కి పంపేది సుమారు 30 శాతమే. ఆ ముఖాల నడుమ కాంతి తిరుగాడే చోటును కుహరం అంటారు. దాని గోడ ఇంత పలచన కనుక, వెలుగు బయటికి పోయినంత సులువుగా లోపలికీ రాగలదు.

ఎదురుగా ఉన్న కటకం నుంచో, ఆప్టికల్ ఫైబర్ కొస నుంచో, కాంపాక్ట్ డిస్క్ ఉపరితలం నుంచో సొంత కాంతి కొంత తిరిగివస్తే, లోపలి ఎలక్ట్రాన్ల సంఖ్య మారుతుంది. దానితో స్ఫటికపు వక్రీభవన గుణకం, అంటే కాంతి వేగాన్ని అది తగ్గించే పాళ్లు, మారి, లేజర్ రంగే కదిలిపోతుంది. 1980లో జపాన్‌లో రాయ్ లాంగ్, కోరో కొబయాషి రాసిన సమీకరణంలో లేజర్ ప్రస్తుత స్థితి, అది కొంతసేపటి క్రితం వెలువరించిన కాంతిపై కూడా ఆధారపడుతుంది. అద్దం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కాంతి పోయి రావడానికి ఒక నానోసెకను పడుతుంది. అంతకంటే తక్కువ వ్యవధిలోనే ఊగిసలాడే లేజర్‌కు అది చిన్న ఆలస్యం కాదు.

1986లో ట్కాచ్, చ్రాప్లివీ ఈ ప్రవర్తనను తిరిగివచ్చే కాంతి మోతాదును బట్టి ఐదు దశలుగా విడదీశారు. వాటిలో మొదటిదే అన్నిటికంటే విస్మయకరం: అత్యల్ప కాంతి తిరిగివచ్చినప్పుడు, అద్దాన్ని తరంగదైర్ఘ్యంలో పావు వంతు జరిపితే చాలు, లేజర్ వర్ణరేఖ, అంటే దాని కాంతి పరచుకునే పౌనఃపున్యాల వ్యాప్తి, సన్నబడడానికి బదులు వెడల్పవుతుంది. మోతాదు కొంత పెరిగితే లేజర్ ఒక పౌనఃపున్యం నుంచి మరొకదానికి దూకుతుంది. ఇంకొంత పెరిగితే ఒక ఇరుకైన హద్దులో స్థిరపడుతుంది. ఆ హద్దు దాటగానే, 1985లో లెన్‌స్ట్రా, ఆయన సహచరులు వివరించినట్లు, తరంగాల పొందిక పూర్తిగా కుప్పకూలి, వర్ణరేఖ వేల మెగాహెర్ట్జ్‌లకు విస్తరిస్తుంది. ఈ ముప్పు నుంచి తప్పించుకోవడానికి, 1845లో ఫారడే కనుగొన్న అయస్కాంత ప్రభావంతో కాంతి కంపన తలాన్ని 45 డిగ్రీలు తిప్పి, కాంతిని ఒకే దిశలో పోనిచ్చే ఐసొలేటర్‌ను వాడతారు.

అయిదో దశ కథను మలుపు తిప్పింది. లేజర్ ముఖానికి పరావర్తనాన్ని అణచే పూత పూసి, సన్నని గీతల గ్రేటింగ్‌ను ఎదురుగా నిలిపి, కోరిన రంగును మాత్రమే ధారాళంగా వెనక్కి పంపితే, బయటి గ్రేటింగే అసలు అద్దమై, కుహరం సెంటీమీటర్ల పొడవుకు సాగుతుంది. ఇదే బాహ్య కుహర లేజర్. ఒంటరి డయోడ్ వర్ణరేఖ పదుల మెగాహెర్ట్జ్‌ల వెడల్పున ఉంటే, దీనిది ఒక మెగాహెర్ట్జ్ కంటే సన్నం. రుబీడియం పరమాణువు 780 నానోమీటర్ల వద్ద గుర్తించే రేఖ సుమారు 6 మెగాహెర్ట్జ్‌లే కాబట్టి, ఈ సన్నదనం లేకుండా ఆ పరమాణువులను కాంతితో బాగా చల్లబరచడం కష్టం. 1995లో బౌల్డర్‌లో కార్నెల్, వీమన్ రుబీడియంతో బోస్-ఐన్‌స్టీన్ సంఘనితాన్ని, అంటే అతిశీతలంలో పరమాణువులన్నీ ఒకే క్వాంటం స్థితిలో చేరే పదార్థాన్ని, సాధించినప్పుడు వాడినవి డయోడ్ లేజర్లే.

పొందిక కుప్పకూలి అదుపు తప్పిన దశను కూడా శాస్త్రజ్ఞులు వృథా పోనివ్వలేదు. 2005లో ఏథెన్స్ నగరపు ఫైబర్ జాలంలో, 120 కిలోమీటర్ల మేర, క్రమం లేని లేజర్ ఊగిసలాటలో సందేశాన్ని దాచి పంపారు. అవతలి కొసన అదే తీరుగా తయారైన జంట లేజర్ ఆ ఊగిసలాటనే తిరిగి పుట్టించగా, వచ్చినదాని నుంచి దాన్ని తీసివేస్తే సందేశం మిగిలింది.