నిద్ర లేవని కంప్యూటర్

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాలలోని చిన్న కర్మాగారాలలో జీతాల లెక్కలు, సరుకు నిల్వల పట్టికలు, యంత్రభాగాల నమూనా చిత్రాలు నేడు కంప్యూటర్లలోనే ఉంటాయి. కంప్యూటర్లను నడిపించే వ్యవస్థలలో లినక్స్ ఒకటి. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ వ్యవస్థను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ దీనికి తెలుగు రూపాన్ని కూడా కల్పించింది.

భోజనానికి వెళుతూ ఉద్యోగి కంప్యూటరును నిద్రపుచ్చుతాడు. తిరిగివచ్చి మీట నొక్కితే లోపలి ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. గత్యంతరం లేక పవర్ బటన్ అదిమిపట్టి యంత్రాన్ని ఆపివేస్తాడు. భద్రపరచని పని అంతా పోతుంది.

మన పూర్వులు జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అని అవస్థలను వేరుచేశారు. యంత్రనిద్రలోనూ అటువంటి భేదాలున్నాయి. తేలిక నిద్రలో ప్రాసెసర్ విశ్రమిస్తుంది గాని పరికరాలు పూర్తిగా ఆరిపోవు. గాఢనిద్రలో తాత్కాలిక స్మృతి అయిన ర్యామ్‌కు తప్ప మిగిలిన భాగాలకు విద్యుత్తు దాదాపుగా నిలిచిపోతుంది. మూడవదైన హైబర్నేషన్‌లో ర్యామ్‌లోని విషయం డిస్కులోని స్వాప్ అనే చోటికి చేరి, యంత్రం పూర్తిగా ఆరిపోతుంది. మొదటి రెండింటిలో విద్యుత్తు పోతే, బ్యాటరీ లేని డెస్క్‌టాప్‌లో ర్యామ్ తుడిచిపెట్టుకొనిపోతుంది. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు అమలైన 'పవర్ హాలిడే'ను చూచినవారికి ఈ నష్టాన్ని వివరించనక్కరలేదు. హైబర్నేషన్‌కు ఆ భయం లేదు. అయితే స్వాప్ చాలకపోయినా, అది ఎక్కడున్నదో లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌కు తెలియకపోయినా మేల్కొలుపు కుదరదు.

కొత్త ల్యాప్‌టాప్‌లు పలువాటిలో గాఢనిద్ర లేనేలేదు. మూతపెట్టి సంచిలో ఉంచినది వేడెక్కి, బ్యాటరీ తరిగిపోవడానికి తరచు ఇదే కారణం. 'మెమ్ స్లీప్' అనే ఫైలును తెరచిచూస్తే ఆ యంత్రానికి ఏ నిద్రలు సాధ్యమో తెలుస్తుంది. అందులో 'డీప్' అన్నది గాఢనిద్ర.

ఇక తెర నల్లబడే సమస్య. నిద్రపుచ్చే వేళ కెర్నెల్ ముందు ప్రోగ్రాములను స్తంభింపజేసి, ఆపై ఒక్కొక్క పరికరాన్ని దాని డ్రైవరు ద్వారా విశ్రమింపజేస్తుంది. మేల్కొలుపు క్రమం దీనికి విపర్యయం. డ్రైవర్లలో ఒక్కటి బదులు పలకకపోయినా మిగిలినవన్నీ ఆగిపోవచ్చు. అప్పుడు మరొక కంప్యూటరు నుండి నెట్‌వర్క్ ద్వారా ఇందులోకి ప్రవేశించి చూడాలి. ప్రవేశం దొరికితే యంత్రం లేచినట్లే, లేవనిది తెర ఒక్కటే. అనుమానించవలసినది గ్రాఫిక్స్ డ్రైవరును. ప్రవేశం దొరకకపోతే యంత్రాన్ని మళ్ళీ ఆరంభించి, 'జర్నల్ సీటీఎల్' ఆజ్ఞతో గతసారి నమోదైన వివరాలను చదవాలి. తోచిన అమరికనల్లా మార్చిచూడడం కాలహరణమే.

ఒక్కొక్కప్పుడు ఆ వివరాలు కూడా దొరకవు. డిస్కు మేల్కొనకముందే యంత్రం స్తంభిస్తే రాయడానికి చోటేది? ర్యామ్ పునఃప్రారంభంతో చెరిగిపోతుంది. చెరగనిది ఒక్కటే, చిన్న బిళ్ళబ్యాటరీతో నడిచే లోపలి గడియారం. 2006లో టోర్వాల్డ్స్ ఆ గడియారాన్నే సాక్షిగా ఎంచుకొన్నాడు. 'పీఎం ట్రేస్' అనే ఈ ఉపాయాన్ని ప్రయోగిస్తే, కెర్నెల్ ఏ పరికరం దాకా వచ్చిందో ఒక సంఖ్యగా మార్చి గడియారపు తేదీ, సమయాల స్థానంలో రాస్తుంది. యంత్రం ఆగిపోయాక సుమారు మూడు నిమిషాలలోపు పునఃప్రారంభించాలి. అప్పుడు కెర్నెల్ ఆ సంఖ్యతో సరిపోలే పరికరం పేరును తన సందేశాలలో చూపుతుంది. వేర్వేరు పరికరాలకు ఒకే సంఖ్య రావచ్చును గనుక ఆ పేరును నిర్ధారించుకోవాలి. పరీక్షకు ముందు పనిని భద్రపరచుకోవాలి, ముగిసిన వెంటనే గడియారాన్ని సరిచేయాలి. లేకుంటే ఆనాటి సరుకు బిల్లులపై ఏదో వింత తేదీ అచ్చవుతుంది.