‘భయపడకండి’ అన్న మాట విలువ

ఊరికి ఆపద వచ్చినప్పుడు నాయకుని నోట మొట్టమొదట వెలువడు మాట ఒక్కటే: “భయపడకండి.” ఏటికి వరద వచ్చినను, సముద్రము మీదినుండి గాలివాన వచ్చినను, వాడలో కలరా తగిలినను పెద్దలు చెప్పుచు వచ్చినది ఈ మాటయే. చెప్పుట సులభము, నిలువబెట్టుకొనుట కష్టము. ఆ మాట వెనుక మందు ఉన్నదా, ఆసుపత్రిలో మంచము ఉన్నదా, అన్నిటికంటె ముఖ్యముగా నిజము ఉన్నదా అని ప్రజలు కనిపెట్టి చూచెదరు. 2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి పశ్చిమ గోదావరి సీమను క్రమ్ముకొన్నప్పుడు ఈ మాటకు గొప్ప పరీక్ష కలిగినది. తాడేపల్లిగూడెములో ఒక విధముగా, కొల్లేటి లంకలలో మరియొక విధముగా, ఏలూరులో ఇంకొక విధముగా ఆ పరీక్ష జరిగినది.

గూడెము నాయకుడు

పైడికొండల మాణిక్యాలరావు తాడేపల్లిగూడెములో ఫోటో స్టూడియో నడుపుకొనుచు రాజకీయములలోనికి వచ్చిన మనిషి. 2014లో భారతీయ జనతా పార్టీ పక్షమున శాసనసభకు ఎన్నికై దేవాదాయ శాఖ మంత్రి అయినారు. 2015 నాటి గోదావరి పుష్కరములు ఆయన మంత్రిత్వములోనే జరిగినవి. 2018 మార్చిలో ఆయన పార్టీ రాష్ట్ర ప్రభుత్వమునుండి వైదొలగగా పదవిని వదలుకొన్నారు.

2020 జూలై ఆరంభములో ఆయనకు కరోనా సోకినది. ఆ సంగతిని ఆయన దాచలేదు. తానే వీడియోలో కనిపించి, తన గురించి ఆందోళన చెందవలదని అందరిని కోరినారు. ఈనాడు చదువుచున్న విద్యార్థికి ఇది చిన్న సంగతిగా తోచవచ్చును. కాని ఆ రోజులను తలచుకొనవలెను. వ్యాధి సోకిన ఇంటి ముందు అడ్డుకర్రలు కట్టిన రోజులవి. ఇరుగుపొరుగువారు పలుకరించుటకు జంకిన రోజులవి. జ్వరము వచ్చినవాడు పరీక్షకు పోక, పోయినను పేరు బయటకు రానీయక దాగిన రోజులవి. అట్టి వేళ నలుగురికి తెలిసిన ఒక నాయకుడు “నాకును వచ్చినది” అని చెప్పుట రోగమునకు అంటగట్టిన సిగ్గును కొంత తుడిచివేయుటయే.

ఆగస్టు 1వ తేదీన మాణిక్యాలరావు విజయవాడలోని ఆసుపత్రిలో కన్నుమూసినారు. ధైర్యము చెప్పిన నోరే మూగవోయినది.

అయినచో ఆయన చెప్పిన మాట తప్పయినదా? కాదు. భయపడవద్దనుట వేరు, లెక్కచేయవద్దనుట వేరు. భయము మనిషిని దాగునట్లు చేయును. నిర్లక్ష్యము మనిషిని గుంపులోనికి తోయును. రెండును వ్యాధికి మిత్రములే. ఆయన మొదటిదానిని మానుమన్నారు. ఆయన మరణము రెండవదానిని మానుమని చెప్పినది. ఒక ఊరు ఒకే మనిషివద్ద రెండు పాఠములను నెల తిరుగకముందే నేర్చుకొనవలసి వచ్చినది.

ఖాళీగా ఉన్న మెట్టు

మన ప్రజాప్రభుత్వ సౌధమునకు అడుగు మెట్టు పంచాయతి. వాడలో ఎవరికి జ్వరము తగిలినది, ఏ బావి నీరు వాసన వేయుచున్నది, ఏ ముసలమ్మకు వండిపెట్టువారు లేరు అన్న సంగతి రాజధానికి తెలియదు. వార్డు సభ్యునికి తెలియును. మహమ్మారి వచ్చునాటికి ఆ మెట్టు ఖాళీగా ఉన్నది. రాష్ట్రములో సర్పంచుల పదవీకాలము 2018 ఆగస్టుతోను, పురపాలక సంఘముల పదవీకాలము 2019 జూలైతోను ముగిసినవి. ప్రత్యేకాధికారుల పాలన నడుచుచుండినది.

ఎన్నికలు జరుగవలసిన తరుణములో, 2020 మార్చి 15న, రాష్ట్ర ఎన్నికల కమిషనరు నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ కరోనా కారణముగా వాటిని ఆరు వారములు వాయిదా వేసినారు. ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి దీనిని తీవ్రముగా వ్యతిరేకించి, వ్యాధికి పారాసిటమాల్ మాత్రయు పరిసరములకు బ్లీచింగు పొడియు చాలునన్న అర్థము వచ్చునట్లు మాటాడి ప్రతిపక్షముల విమర్శకు గురియైనారు. పది దినములు గడచునప్పటికి దేశమంతయు తలుపులు మూసికొన్నది. ఆరు వారముల వాయిదా పదకొండు నెలలైనది.

సర్పంచు లేని లోటును ప్రభుత్వము మరియొక విధముగా పూడ్చినది. 2019లో ఏర్పడిన గ్రామ, వార్డు సచివాలయములును, ఏబది ఇండ్లకొక వాలంటీరు చొప్పున నియమితులైన యువతీయువకులును ఇంటింటికి పోయి జ్వరములను గూర్చి విచారించినారు. 2020 ఏప్రిల్‌లో పేద కుటుంబమునకు వేయి రూపాయల చొప్పున సాయము ఇంటి గడపకు చేరినది. కరోనా చికిత్స ఆరోగ్యశ్రీలో చేరినది. జూలై 1న 108, 104 సేవలకు చెందిన 1,088 వాహనములు విజయవాడనుండి బయలుదేరినవి. ఇవి కాదనరాని మేళ్ళు. ప్రభుత్వ పక్షమువారు వీటిని గర్వముతో చెప్పుకొన్నారనిన అందులో దోషము లేదు.

అయితే వాలంటీరు పైనుండి క్రిందికి సందేశమును మోయును. ఎన్నికైన ప్రతినిధి క్రిందినుండి పైకి కూడ మాటను మోయును. మోయకున్నచో మరునాటి ఎన్నికలో సమాధానము చెప్పుకొనును. ఈ రెండవ దారి ఆ యేడు మూసుకొనిపోయినది. పాలకులు చేతబూనిన చట్టము కూడ పాతదే. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగగా, మరుసటి యేడు తెల్లదొరలు చేసిన అంటువ్యాధుల చట్టము అది. ఆ చట్టము అధికారికి బలము నిచ్చినది గాని వీధిలోని పెద్దకు నోరీయలేదు. కావుననే 2020లో గ్రామస్థునికి అందుబాటులోనున్న ప్రజాప్రతినిధి శాసనసభ్యుడొక్కడే అయినాడు. లక్షల జనమునకు ఒక్క చెవి!

కొల్లేటి కష్టము

ఏలూరునుండి దక్షిణముగా పోయినచో పొలములు తరిగి చెరువులు పెరుగును. కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో శీలావతి, బొచ్చె చేపలే పంట. పట్టిన చేపను మంచుగడ్డలలో పేర్చి లారీలకెక్కించి హౌరా మొదలగు దూరపు సంతలకు పంపుట ఇక్కడివారి జీవనము. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చినది. లారీ నిలిచినది, మంచు కరిగినది, కూలి ఇంటనే ఉండిపోయినాడు. వరి పండించిన రైతు ధాన్యమును గాదెలోనైనను పోసికొనగలడు. చెరువులోని చేప, ప్రభుత్వము తాళము వేసినంతమాత్రమున మేత మానదు. తవుడు, చెక్క రోజూ కొనవలసినదే. చేపను మాత్రము అమ్ముటకు వీలులేదు. రొయ్యల ధర పడిపోగా రాష్ట్ర మంత్రులు కొనుగోలుదారులను పిలిపించి మాటాడవలసి వచ్చినది. ఏప్రిల్ 10న కేంద్రప్రభుత్వము చేపల వేటకు, పెంపకమునకు, రవాణాకు సడలింపు నిచ్చినది. ఆ పదునారు దినములు చెరువు గట్టున కూర్చున్నవానికి పదునారు మాసములు.

ఇక్కడి నాయకులు ఏ పార్టీవారైనను చూచిన సత్యమొకటి కలదు. రాజధానిలో “అత్యవసర వస్తువులు” అని ఒక పట్టిక వ్రాయుదురు. ఆ పట్టికలో బియ్యము, పాలు, మందులు ముందుగా చేరును. కొల్లేటివానికి చేప కూడ బియ్యమువంటిదే అని చెప్పుటకు ఆ గది లోపల ఒక కొల్లేటివాడు ఉండవలెను. లంకలోని వడ్డెవాని మాట ఆ గదిని చేరుటకు మెట్లు అన్నియు ఉండవలెను.

పేరులేని జబ్బు

ఆ యేడు చివర ఏలూరునకు రెండవ ఆపద వచ్చినది. డిసెంబరు 5వ తేదీన దక్షిణపు వీధి ప్రాంతములో కొందరు ఉన్నట్లుండి కండ్లు తిరిగి, మూర్ఛవచ్చి, నోట నురుగుతో పడిపోయినారు. పిల్లలు, పెద్దలు అన్న భేదము లేదు. కొద్ది దినములలో బాధితుల సంఖ్య ఆరు వందలు దాటినది, ఒకరు మరణించినారు. చాలమంది త్వరలోనే తేరుకొని ఇండ్లకు పోయినారు. పరీక్షలలో కరోనా కాదని తేలినది. మరి ఏమిటి? ఎవ్వరికిని తెలియదు.

కృష్ణా గోదావరీ కాలువల నీళ్ళు రెండును చేరెడి ఊరు ఏలూరు. అట్టి ఊరిలో కడవలోని నీటిని చూచి జనము జంకినారు. ఇక్కడ మరియొక విశేషము కలదు. రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి, ఉపముఖ్యమంత్రి ఆళ్ళ నాని ఈ ఊరి శాసనసభ్యుడే. కావున ఏలూరు వీధిలో ప్రశ్న అడిగిన ప్రతివాడును ఒకే మనిషిని శాసనసభ్యునిగాను, ప్రభుత్వముగాను చూచి అడిగినాడు. ఆయన ఆసుపత్రిలో నిలిచి, వైద్యము అందుచున్నది, ఆందోళన వలదు అని చెప్పినారు. ముఖ్యమంత్రి డిసెంబరు 7న వచ్చి రోగులను పరామర్శించినారు. ప్రతిపక్షమువారు త్రాగునీటిని, పారిశుద్ధ్యమును వేలెత్తి చూపి, ఆరోగ్య అత్యవసర స్థితిని ప్రకటింపవలెనని కోరినారు.

ఢిల్లీలోని ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, నాగపూరునందలి నీరి మొదలగు సంస్థలవారు నీటిని, కూరగాయలను, రక్తమును పరీక్షించినారు. ఎయిమ్స్ వారికి రక్తములో సీసము, నికెల్ కనబడినవి. తుదకు పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణమై ఉండవచ్చునని నిపుణులు డిసెంబరు నడిమిలో అభిప్రాయపడినారు. అవి ఏ దారిని ఇంతమంది దేహములలో చేరినవన్న ప్రశ్న మిగిలిపోయినది. 2021 జనవరిలో పూళ్ళ, కొమిరేపల్లి గ్రామములలోను ఇట్టి లక్షణములే కనబడినవి.

కరోనాకు పేరుండినది, ప్రపంచమంతటి తోడుండినది. ఈ జబ్బుకు పేరు లేదు, తోడు లేదు. పేరు లేని జబ్బుకు పుకారే పేరు పెట్టును. ఇట్టిచోట నాయకుడు చెప్పవలసినది “భయపడకండి” అను మాట ఒక్కటియే కాదు. “మాకు ఇంతవరకు తెలిసినది, ఇక్కడినుండి తెలియదు, తెలిసిన మరుక్షణము చెప్పెదము” అను మాట కూడ. తెలియదని ఒప్పుకొన్న నాయకుని గౌరవము తగ్గునని కొందరు భావింతురు. నిజమునకు అది పెరుగును. తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పి మరునాడు మార్చుకొన్న మాటయే ఊరి నమ్మకమును తినివేయును.

లెక్క చూచుకొనవలసిన వేళ

2021 ఫిబ్రవరిలో పంచాయతి ఎన్నికలు, మార్చి 10న పురపాలక ఎన్నికలు జరిగినవి. ఏలూరు నగరపాలక సంస్థలో వోట్లు పెట్టెలో పడియు, వ్యాజ్యముల మూలమున జూలై 25 వరకు లెక్కకు రాలేదు. ఆ నడుమనే రెండవ కెరటము వచ్చి పోయినది. మే 5 నుండి మధ్యాహ్నము మొదలు కర్ఫ్యూ; ప్రాణవాయువునకై వెదకులాట. ఏలూరు నగరమునకు రెండు కెరటములలోను ఎన్నికైన పాలకవర్గము లేకపోయినది. జూన్ 20న రాష్ట్రములో ఒక్కదినమే పదమూడు లక్షలకు పైగా టీకాలు వేయబడుట మాత్రము యంత్రాంగము తలచుకొన్నచో ఎంత చేయగలదో చూపినది. తల్లిదండ్రులనిద్దరిని కోల్పోయిన బిడ్డల పేర పది లక్షల రూపాయల నిక్షేపము ఉంచుటకు ప్రభుత్వము ఉత్తరువులిచ్చినది.

ఒక్క సంగతిలో మాత్రము అన్ని పక్షములును తలవంచవలసియున్నది. 2014 నుండి 2018 వరకు ఆరోగ్య మంత్రిగా ఉండిన కామినేని శ్రీనివాస్ కొల్లేటి ఒడ్డునున్న కైకలూరు శాసనసభ్యుడు. 2019 నుండి 2022 వరకు ఆ శాఖను చూచిన ఆళ్ళ నాని ఏలూరు శాసనసభ్యుడు. ఇరువురు మంత్రుల నిచ్చిన ఈ సీమలో, ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరు 15న గాని తెరువబడలేదు. మహమ్మారి వచ్చినప్పుడు అది లేదు. జబ్బు ముదిరిన ఏలూరు కూలియు, గూడెము మాజీమంత్రియు చేరినది విజయవాడకే.

బడులు మూతపడి, దూరదర్శన్ సప్తగిరిలో పాఠములు విని, 2020లోను 2021లోను పరీక్షలు లేకయే పదవ తరగతి దాటిన పిల్లలు నేడు వోటర్లు. వారికి పౌరశాస్త్రము చెప్పు ఉపాధ్యాయునికి వేరు ఉదాహరణములు వెదకనక్కరలేదు. పంచాయతి ఎందుకు, పురపాలక సంఘము ఎందుకు అని విద్యార్థి అడిగినచో, 1866లోనే పురపాలక సంఘము ఏర్పడిన ఏలూరునకు, సరిగా అది కావలసివచ్చిన వేళ, ఎన్నికైన సభ్యుడొక్కడును లేడని చెప్పవచ్చును. నాయకుడెట్లుండవలెనని అడిగినచో, తన రోగమును దాచని మనిషిని చూపవచ్చును. ‘భయపడకండి’ అన్న మాట అప్పునకు వ్రాసిన పత్రమువంటిది. ఆసుపత్రియు, మంచినీరును, నిజమును ఇచ్చి తీర్చిననాడే అది చెల్లును.