వ్రేలి చప్పరింపు

చౌటుప్పల్ ప్రాంతమున భూగర్భజలములందు ఫ్లోరైడు మిక్కుటము. అట్టి నీటిని దంతములు రూపొందు వయసున త్రాగిన పిల్లల పండ్లు మచ్చలు పడును. ఆ కీడు నీటి దోషము. అందులకే 2015లో ఇచ్చట మంచినీటి పథకపు పైలాను వెలసినది. వ్రేలు చప్పరించుటవలన దంతములకు కలుగు కీడు వేఱు. దానిని ఇంటనే మాన్పవచ్చును.

పసిబిడ్డ వ్రేలు చప్పరించుట సహజమే. నాలుగేండ్లు దాటియు మానకున్నచో, వ్రేలి ఒత్తిడికి పై పండ్లు ముందునకు పొడుచుకొని వచ్చును. నాలుక దిగువకు జాఱి, బుగ్గల బిగువునకు అంగిలి ఇఱుకగును. పెదవులు చక్కగ మూసికొనవు. కొందఱు నోటితోనే ఊపిరి పీల్తురు. ముక్కు గాలిని వడగట్టి, వెచ్చజేసి లోనికి పంపును. నోరు అట్లు చేయజాలదు.

కావున మీ తమ్ముడో చెల్లెలో వ్రేలు చప్పరించుచున్నచో గేలి చేయకుడు, కొట్టకుడు. చేతికి ఆటవస్తువు నిచ్చి, మానిన నాడు మెచ్చుకొనుడు. పాలపండ్లు ఊడకమునుపే మానినచో ఆ వంకర చాలవరకు తనంతట సరిపడును.