పెద్దకర్మ మరునాడు

పల్లెలో నొక యింట మృత్యువు సంభవించినప్పుడు మన తెలుగువారు చూపు నాదరము కొనియాడదగినది. ఆ యింట పొయ్యి వెలుగదు. ఇరుగుపొరుగువారు అన్నము వండి తెచ్చెదరు. పిలువకయే నలుగురు వచ్చి పాడె కట్టుదురు. ముత్తవ్వలు రాత్రులు తోడు పరుందురు. నిన్నటివరకు గట్టు తగవుతో మాటలాడని వాడును నేడు అరుగుపై కూర్చుండి పలుకరించును. దుఃఖమును తొలగింపలేకున్నను దుఃఖితుని ఒంటరిగ విడువరాదను ధర్మము ఈ పలుకరింపులో గలదు.

అయితే ఈ యాదరమునకు మనమొక గడువు పెట్టుకొన్నాము. పెద్దకర్మనాడు విస్తళ్లెత్తినంతనే చుట్టములు బస్సులెక్కుదురు. మరునాడు ఆ యింట మిగులువారెవరు? భర్తను గోల్పోయిన యిల్లాలు, బడియీడు పిల్లలు, ముసలి అత్తమామలు. అప్పులవారు మాత్రము మరువక వత్తురు. కర్మభోజనములకై తెచ్చిన చేబదులును ఆ అప్పులలో చేరును. చనిపోయినవాని గౌరవార్థమని పెట్టిన విందు బ్రతికియున్నవారి నోటి ముద్దను హరించుట యేమి న్యాయము?

ప్రభుత్వ సాహాయ్యము లేకపోలేదు. దరిద్ర కుటుంబమున సంపాదించువాడు మరణించినచో ఏకమొత్తముగ సొమ్మిచ్చు జాతీయ కుటుంబ ప్రయోజన పథకము 1995లో ఆరంభమైనది; 2012లో ఆ మొత్తమును 20,000 రూపాయలు చేసిరి. తెలంగాణమున 2018లో ఆరంభమైన రైతుబీమా 5 లక్షల రూపాయలు నిర్ణయించినది. కాని అది పట్టాదారుల నుద్దేశించినది. కౌలుభూమిని మాత్రమే దున్నువాని కుటుంబము దానికి వెలుపల నిలిచినది.

ఉన్న సాహాయ్యమైనను చేతికందుటకు కాగితము కావలయును. మరణమును 21 దినములలో నమోదు చేయింపవలెనని 1969 నాటి చట్టపు నియమము. అందు సగము దినములు మైలతోనే గడచును. మిగిలిన దినములలో ఆ యిల్లాలు గడప దాటరాదని మనమే శాసింతుము. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించిరి. అది జరిగి నూటనలువది సంవత్సరములు దాటినను, భర్త పోయిన స్త్రీ యెదురువచ్చిన అపశకునమని తలచువారు నేటికిని గలరు. కచేరీకి పోయి తన హక్కు నడుగవలసిన మనిషిని మూల కూర్చుండబెట్టి, ఆమె హక్కు జారిపోయిన పిమ్మట జాలిపడుట యేటి యాదరము?

ఇందుకు గొప్ప నిధులు, గొప్ప సంఘములు అక్కరలేదు. చదువుకొన్న పడుచువాడొకడు ఆమెకు తోడుగ కచేరీకి పోయి అర్జీ వ్రాసి పెట్టవచ్చును. పొదుపు సంఘపు స్త్రీలు ఆమె కంతు కొంతకాలము సర్దవచ్చును. పొలము ప్రక్కవారు ఒక్క పంటకాలము ఆమె చేనికి తలా రెండు దినములు పని చేయవచ్చును. విందు తగ్గించి ఆ సొమ్ము పిల్లల చదువునకు ముడుపు కట్టుటకు కులపెద్దలు సమ్మతింపవచ్చును. ఇవి దానములు కావు. నేడు వారింటికి వచ్చిన ఆపద రేపు మనయింటికి రాదని చెప్పగలవారెవరు?

శవమును మోయుటకు నాలుగు భుజములు ఏ యూరనైనను దొరకును. ఆ యింటి భారమును మోయుటకు నాలుగు భుజములు దొరకిన యూరే ఊరని మా యభిప్రాయము. పెద్దకర్మ నాటికి వచ్చినవారు మరునాడును ఒకసారి ఆ గడప త్రొక్కుదురు గాక!