ముత్తైదువ చావు కోరని బుచ్చిలక్ష్మి

టీవీలో 'మిథునం' వచ్చిన మర్నాడు నల్లగొండలో మా వాకిట్లో చిన్న సభే జరిగింది. శ్రీరమణ కథను తనికెళ్ళ భరణి 2012లో తెరకెక్కించారు. మలయాళంలో ఎం.టి. వాసుదేవన్ నాయర్ 2000లోనే తీశారు. తెలుగులో తెరమీద ఇద్దరే: రిటైరైన మాస్టారు అప్పదాసుగా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, భార్య బుచ్చిలక్ష్మిగా లక్ష్మి.

"ఏముందక్కా అండ్ల? వండుడు, తినుడు, కొట్లాడుడు! నాకైతే నిద్రొచ్చింది" అంది పక్కింటి చెల్లె.

"రిటైరయినంక ఏ ఇంట్లనైనా గంతే గదా!" అన్నాను.

అసలు పేచీ ముగింపు దగ్గరొచ్చింది. భర్తే ముందు పోవాలని కోరుకుంటుంది బుచ్చిలక్ష్మి. తను లేకపోతే ఆయన్ని చూసేదెవరని ఆమె బెంగ.

"పసుపు కుంకుమలతోటి పోవాలని మొక్కుతం గానీ, ఇదేం కోరిక?" అంది వదిన.

అప్పటిదాకా పలకని ఎదురింటి పెద్దమ్మ నోరు విప్పింది. "మీ పెద్దనాయిన పోయి నాలుగేండ్లు. చాయ్ గూడ పెట్టుకోరాదు ఆయనకు. నేను ముందుగాల పోతే ఎవర్ని అడిగేటోడు? పైకి అనలే గానీ, నేనూ గట్లనే మొక్కిన."

ఎవరూ మాట్లాడలేదు. సినిమా నెమ్మదన్న చెల్లె కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మగవాళ్ళకు పొయ్యి వెలిగించడం చిన్ననాడే నేర్పితే ఆడవాళ్ళకు ఇలాంటి మొక్కు తప్పేదేమో! మీరేమంటారు?