మైలుతుత్తమునకు సున్నమెంత?

హైదరాబాదు పాతబస్తీలోని చార్మినారు క్రీ.శ. 1591వ సంవత్సరమున రాతితోను సున్నముతోను కట్టబడినది. తడిగా పూసిన సున్నము కాలక్రమమున రాయి యగుటయే అట్టి కట్టడముల బలము. ఆ గుణమే తోటమందు కలుపుకొను కర్షకునకు నష్టము తెచ్చుచున్నది. అదెట్లో లెక్కవేసి చూపుదుము. గుణకారము, భాగహారము వచ్చిన చాలును.

సున్నపురాయి 100 పాళ్లు బట్టీలో కాల్చినచో 44 పాళ్లు బొగ్గుపులుసు గాలియై పోయి, 56 పాళ్ల గడ్డసున్నము మిగులును. నీరు చల్లగా అది 18 పాళ్ల నీటిని పట్టుకొని 74 పాళ్ల పొడి యగును. గోడకెక్కిన పిమ్మట గాలినుండి ఆ 44 పాళ్లను మరల తీసికొని, 18 పాళ్ల నీటిని విడిచి, తిరిగి 100 పాళ్ల రాయి యగును. ఈ పాళ్లు ఎన్నడును మారవు. ఇవి పరమాణు భారములను కూడగా వచ్చినవి: గడ్డసున్నమున కాల్షియము 40, ఆమ్లజని 16, వెరసి 56. మైలుతుత్తమున రాగి 63½, గంధకము 32, ఆమ్లజని 64, స్ఫటికమున దాగిన నీరు 90, వెరసి సుమారు 250.

ఫ్రాన్సుదేశపు బోర్డో ప్రాంతమున మిలార్డే యను శాస్త్రజ్ఞుడు 1885లో ద్రాక్ష బూజుతెగులునకు ప్రకటించిన మందును నల్లగొండ బత్తాయి తోటలవారును ఎరుగుదురు. మైలుతుత్తము 1 కిలో, సున్నము 1 కిలో, నీరు 100 లీటర్లు. ఇది వాడుకలోని పాళము. శాస్త్రము చెప్పునది వేరు. 250 పాళ్ల మైలుతుత్తమునకు 56 పాళ్ల గడ్డసున్నము సరిపోవును. కావున కిలోకు, 1000ని 56చే గుణించి 250చే భాగింపగా, 224 గ్రాములు. పొడిసున్నమైనచో 56కు మారు 74 వేయవలెను. 296 గ్రాములు వచ్చును.

ఈ లెక్క నేర్చిన గర్వమున మేమొకమారు నిరుటి సంచిలోని పొడిని కిలోకు 300 గ్రాములే వేసితిమి. లేతాకుల అంచులు మాడిపోయినవి. లెక్క తప్పలేదు, సంచిలోనిది సున్నము కాదు, సగమునకు పైగా రాయి. రాయియైన పొడి మైలుతుత్తమును వెంటనే విరువజాలదు. మిగిలిన రాగియే ఆకును కాల్చినది. పెద్దలు కిలోకు కిలో వేయుమనుట దుబారా కాదని నాడు తెలిసినది. సున్నములో రాళ్లుండును, పాతదనముండును. మిగులు సున్నము ఆకును కాపాడును.

కొనుగోలునందును ఈ లెక్క పనికివచ్చును. 56 కిలోల గడ్డసున్నము గాలి తగిలి పూర్తిగా రాయియైనచో 100 కిలోలు తూగును. తూకము పెరిగినది, సత్తువ పోయినది. 74 కిలోల పొడిలో 18 కిలోలు నీరే. కావున సభ్యులందరు కలిసి తెప్పించుకొనునప్పుడు గడ్డలనే అడుగవలెను, మూతగల డబ్బాలలో దాచవలెను. ఒక గడ్డపై నీరు చల్లగా బుసబుసలాడి, వేడెక్కి, విచ్చినచో అది మంచిది. చల్లగా నుండిపోయినచో త్రిప్పి పంపవలెను. ధర విషయమున మొగమాటము తగదు.

మైలుతుత్తమును మట్టితొట్టిలోగాని ప్లాస్టిక్ తొట్టిలోగాని కరిగింపవలెను, ఇనుపపాత్ర కూడదు. సున్నమును వేరుగా కలిపి వడగట్టి, ఆ పాలలో మైలుతుత్తపు నీటిని పోయుచు కలియబెట్టవలెను. పిమ్మట తోమిన కత్తిని నిమిషముసేపు ముంచి చూడుడు. ఎఱ్ఱని పూత కనబడెనా, రాగి యింకను విడిగా నున్నదన్నమాట. మరికొంత సున్నపుపాలు పోసి, కత్తి తోమి, మరల ముంచవలెను. పూత పట్టనపుడే చల్లవలెను, కలిపిననాడే ముగింపవలెను.